గోడ తాగిన రంగు

తెల్లారేసరికి గోడ మళ్ళీ ఎర్రబడింది.

నాగవేణి వెనక గది గడప ఇవతలే ఆగిపోయింది. నిన్న సాయంత్రం నబీ సాబు మూడో కోటు తెల్ల ప్రైమరు పూసి, చేతులు కడుక్కొని ఆదోని బస్సెక్కేటప్పటికి గోడ శుభ్రంగా ఉంది. ఉయ్యాల ఈ గోడ పక్కనే అని తిరుపాల్ టేపు పెట్టి కొలతలు కూడా తీసుకున్నాడు. ఇప్పుడు ఆ తెలుపులోంచి మూడు చోట్ల ఎరుపు ఊరి పైకొచ్చింది. ఒకటి అరచెయ్యంత. ఇంకోటి కిందికి జారి, సన్నగా తీగ సాగి, బండల దాకా వచ్చి ఆగింది.

అది పోయిన మామ నూలుకు వేసిన అద్దకం రంగేనని ఆమె బుద్ధికి తెలుసు. కండ్లకు తెలియడం లేదు. రెండేండ్ల కింద, సరిగ్గా ఈ ఎనిమిదో నెలలోనే, ఆదోని ఆసుపత్రి మంచం మీద చూసిన ఎరుపది. అంతకు ముందు ఆరో నెలలో ఇంకొకసారి చూసింది. రెండుసార్లూ ఒట్టి చేతులతోనే ఇల్లు చేరింది.

ఇది మూడో కడుపు. ఇదీ పోతే ఇంకో దానికి ఒంట్లో సత్తువ లేదని డాక్టరమ్మ మొహమాటం లేకుండానే చెప్పింది. రోజూ అన్నం తిన్నాక ఎడమ పక్కకు తిరిగి పండుకొని బిడ్డ కదలికలు లెక్కబెట్టుకోమంది. రెండు గంటల్లో పది రావాలంట. నిన్న తొమ్మిది లెక్కబెట్టింది నాగవేణి. పదోదానికి ఎదురుచూస్తూ నిద్రపోయింది. లేచినప్పటి నుంచి ఒక్కటీ లేదు. నిద్రపోతుంటాడులే అనుకుంది. కాదు, నిద్రపోతుంటాదిలే అనుకుంది. ఎవరైతేనేం, నిద్రపోతే చాలు.

"ఆడ నిలబడొద్దు, తప్పుకో."

వెనక నుంచి అత్త తిప్పమ్మ. మూడు రోజులు ఉరుకుందలో మొక్కు తీర్చుకొని నిన్న పొద్దుగూకినాక వచ్చిన మనిషి, వెనక గదికి తాను వేసిన తాళం పగిలి ఉండడం చూసి ఒక్క మాట కూడా అనలేదు. గండం గడిచిందనుకున్నారు మొగుడూ పెళ్ళాం. వీళ్ళకు ఆమె సంగతి ఇంకా తెలియనట్టే.

తిప్పమ్మ కోడలిని చెయ్యి పట్టి నడవలోకి లాగి, తాను పోయి గడప మీద కూర్చుంది. కాళ్ళు బారజాపి వాకిలికి అడ్డం పెట్టింది. గడప మీద కూర్చోకూడదని ముప్పై ఏండ్లుగా వీధికంతా బుద్ధి చెప్పిన మనిషి, కూర్చున్నది.

"లెయ్ మా," అన్నాడు తిరుపాల్. ఎమ్మిగనూరు డిపోలో కండక్టరు. ఈ గది కోసమే వారం సెలవు పెట్టినాడు. "నబీ సాబు తొమ్మిది బస్సుకు దిగుతాడు. ఈ పొద్దు రంగు ఎంచుకోవల్ల."

"నువ్వేం ఎంచుకుంటావప్పా. గోడే ఎంచుకున్యాది గదా, సూడు."

"చెమ్మ మా అది."

"ఎర్ర చెమ్మ యాడన్నా సూసినావా?"

తిరుపాల్ నెత్తి గోక్కున్నాడు. బస్సులో వందమందికి బదులు చెప్పగలడు గానీ ఈమెకు చెప్పలేడు.

"కడుపుతో ఉండే ఇంట్లో గోడ ముట్టగూడదు," అంది తిప్పమ్మ. "మేకు కొట్టగూడదు, సున్నం కలపగూడదు. నేను ఊర్లో లేంది సూసుకొని తాళం పగలగొడితివి. నీకు చేతులెట్ల వచ్చినాయప్పా?"

"ఎందుకేసినావో సెప్పింటే పగలగొట్టకపోదును. ఏడాదిన్నరగా అడుగుతాండా. నాయన పోయిన పదకొండో రోజు ఏస్తివి తాళం. తాళంచెవి మొలకు కట్టుకొని తిరుగుతాండావు. ఎందుకు?"

తిప్పమ్మ చెయ్యి మొలలోని తాళంచెవి మీదికి పోయింది. తర్వాత ఆమె మాట మార్చింది. ఎప్పుడూ మార్చే చోటికే మార్చింది.

"నా పేరెట్లొచ్చినాదో తెలుసు గదా నీకు."

"వెయ్యిసార్లు సెప్పినావు."

"వెయ్యిన్నొకటోసారి విను. మా అమ్మకు నా ముందర ముగ్గురు పోయినారు. నేను పుడితే ముద్దు గూడ పెట్టలేదంట. చాటలో ఏసుకోని పోయి పెంట తిప్ప మీద పారేసినాది. పక్కింటామె ఎత్తుకోనొస్తే చాటెడు తవుడిచ్చి కొనుక్కొన్యాది. తిప్ప మీద దొరికినాది కాబట్టి తిప్పమ్మ. అందురూ వద్దన్న బిడ్డను యముడు గూడ తాకడు. అట్ల బతికినా నేను. మీరేమో పుట్టకముందే గదంటారు, రంగంటారు. ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట."

"ఆలూ ఉండాది, సూలూ ఉండాది మా. గదే లేదు."

నాగవేణికి నవ్వు రాలేదు. ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో జరుగుతున్నది ఇదే. గాజులు తొడిగించలేదు, చలివిడి పెట్టలేదు, బిడ్డ అన్న మాట ఎత్తనివ్వలేదు. ఎదురింటావిడ పొట్ట చూసి ఎన్నో నెల అనడిగితే, "ఏం లేదమ్మా, తిని కూసోని ఒళ్ళొచ్చినాది" అని మొహం మీదే చెప్పి పంపేసింది తిప్పమ్మ. నాగవేణికి పుట్టినిల్లు ఆదోనిలో ఉందన్న మాటే గానీ, అమ్మ పోయి ఆరేండ్లయింది. చెప్పుకోవడానికి మనిషి లేదు.

*

నబీ సాబు తొమ్మిదింటికి వచ్చినాడు. నలభై ఏండ్లుగా ఆదోనిలో గోడలకు రంగులు వేస్తున్న మనిషి. మెడలో తువ్వాలు, చొక్కా మీద ఊరందరి ఇండ్ల రంగులూ. గడప మీది తిప్పమ్మను చూసినాడు, మొహం వేలాడేసిన తిరుపాల్‌ను చూసినాడు, ఇంకేమీ అడక్కుండా నడవలో చాప మీద కూర్చున్నాడు.

"చాయ్ ఉంటే ఒక గుక్క ఇయ్యి బేటీ. అంతలో నువ్వు ఇది సూస్తాండు." సంచిలోంచి షేడ్ కార్డు తీసి చేతిలో పెట్టినాడు.

చాయ్ ఇచ్చి నాగవేణి కార్డు విప్పింది. మడత విప్పేకొద్దీ వస్తూనే ఉన్నాయి రంగులు. లేత గులాబి, చిలకపచ్చ, ఆకాశం రంగు, వెన్న రంగు. పసుపు ఒక్కటే ఎనిమిది రకాలుంది. దాని దగ్గర ఆమె వేలు ఆగి, మళ్ళీ వెనక్కొచ్చింది.

పోయినసారి ఆమె ఆదోని బజారులో ఒక పసుప్పచ్చ టోపీ కొన్నది. పిడికిలికి పట్టేంత టోపీ. అది ట్రంకు పెట్టెలో అడుగున ఇంకా అట్లే ఉంది. వేలు పెట్టి ఇదీ అని చెప్పడమంటే, ఉంటాడు, వస్తాడు, ఈ గదిలో పడుకుంటాడు అని ఒప్పుకోవడం. ఒప్పుకున్న మరునాడే ఏమైందో ఆమెకు తెలుసు.

"ఏది?" అన్నాడు తిరుపాల్ పక్కన కూలబడి. ఫోనులో బొమ్మ చూపించినాడు. యాడిదో ఊరి పిల్లల గది, గోడ మీద తెల్ల మేఘాలు. "ఆకాశం రంగేసి ఇట్ల మబ్బులు దించుతానంటాడు సాబు. ల్యాకుంటే పసుపా? సెప్పు."

"నువ్వే సెప్పు."

"నిన్న గూడ ఇదే మాటంటివి. మొన్న గూడ అంటివి."

"నాకు తెలీదప్పా. ఏదో ఒకటి."

"ఏదో ఒకటేంది? ఆమేమో గడపకు అడ్డం పడి కూసున్యాది. నువ్వేమో కార్డు సూసి పామును సూసినట్లు సూస్తాండావు. నాకొక్కనికే గావల్నా ఈ బిడ్డ?"

అనేసినాక తిరుపాల్ మొహం తెల్లబోయింది. అనకూడని మాట అన్నానని వాడికీ తెలిసింది. నాగవేణి కార్డును మడత మీద మడత పెట్టి, చాప మీద పెట్టి, ఆ మడతలనే చూస్తూ కూర్చుంది. పొట్టలో ఏమీ కదల్లేదు. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా బిడ్డకు తెలుస్తుందంటారు. తెలిస్తే ఒక్కసారి తన్నొచ్చు గదా అనుకుంది.

చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంది. చెబితే నిజమైపోతుందేమోనని భయమేసింది.

*

నబీ సాబు గ్లాసు కింద పెట్టి లేచినాడు.

"చెల్లెలా, రంగు కొట్టను. గోడను ఒక్కసారి సూస్తా, అంతే."

తిప్పమ్మ చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఏమనుకుందో ఏమో, కాళ్ళు ముడుచుకుంది.

అతను లోపలికి పోయి చిన్న కత్తితో మరక మీద గీకినాడు. తువ్వాలు కొన తడిపి రుద్దినాడు. తువ్వాలు కొన గోరింటాకు పెట్టినట్టు ఎర్రబడింది. దాన్ని వెలుతురులో పెట్టి చూసి, వాసన చూసి, తిరుపాల్ వైపు తిరిగినాడు.

"పాత సామాన్ల గదని నాకు సెప్తివే అప్పా. ఇది అద్దకం రంగు. ఎన్నేండ్లు ఏసినారు ఈడ?"

తిరుపాల్ తల దించుకున్నాడు. "పాతికేండ్లు. అద్దకం ఈరన్న అంటే మా నాయనే. తొట్లు ఈ గదిలోనే పెట్టి నూలుకు రంగేస్తుండె. సెప్తే పని ఒప్పుకోవని సెప్పలేదు."

"పాతికేండ్లు గోడ తాగినాది. నువ్వు మూడు కోట్లు గాదు, ముప్పై కోట్లు ఎయ్యి, కక్కుతూనే ఉంటాది." అంటూనే అతను తువ్వాలుతో ముక్కూ నోరూ కలిపి కట్టుకున్నాడు. గడప దాకా వచ్చిన నాగవేణిని చూసి చెయ్యి అడ్డం పెట్టినాడు. "నువ్వు ఈడికి రావొద్దు బేటీ. ఈ దుమ్ము పీల్చొద్దు."

"ఎందుకు సాబూ?"

"కడుపుతో ఉండే ఆడోళ్ళను రంగు గీకే చోట నిలబెట్టం మేము. పని నేర్పిన మా ఉస్తాదు సెప్పిన మాట. అంతకు మించి నాకు తెలీదు, డాక్టర్లనడగల్ల."

మామూలుగానే అన్నాడు. నాగవేణి మాత్రం నడవ గోడ పట్టుకుంది.

మొదటి కడుపుతో ఉన్నప్పుడు ఎండాకాలం నాలుగు నెలలూ ఆమె ఆ గదిలోనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టింది. పక్కనే మామ తొట్టి కాగుతుండేది. రెండోసారీ అంతే. గోళ్ళ సందుల్లో ఎరుపు పోయేది కాదు. అన్నం కలుపుకుంటే ముద్దకు అంటేది. మిద్దె మీది ఎండకు ఇల్లంతా ఉడికిపోతుంటే, రాతి గోడల ఆ గది ఒక్కటే చల్లగా ఉండేది. అందుకని అక్కడ కూర్చోమన్నది అత్తే.

"అత్తా," అంది నాగవేణి. "నీకు తెల్సా?"

తిప్పమ్మ గోడ వైపు మొహం తిప్పుకుంది.

"తాళం అందుకేసినావా? సెప్పత్తా. నీకు ముందే తెల్సా?"

"మా, అడుగుతాంది గదా. పలుకు," అన్నాడు తిరుపాల్.

తిప్పమ్మ కొంగు తీసి మొహం తుడుచుకుంది. ఏడవడం లేదు. మాట ఎక్కడి నుంచి ఎత్తాలో వెతుక్కుంటున్నట్టుంది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ నాయన బయట షెడ్డులో పని చేస్తుండె," అంది కొడుకుతో. "నీకు మూడేండ్లప్పుడు తొట్లు ఇంటికొచ్చినాయి. ఆ తర్వాత నాకు మూడు నిలబడలేదు."

"మూడా?" అన్నాడు తిరుపాల్. ముప్పై రెండేండ్లొచ్చినాయి వాడికి. ఒక్కగానొక్క కొడుకునని అనుకుంటూ పెరిగినవాడు. "ఎవురూ సెప్పలేదే నాకు."

"ఏం సెప్పల్లప్పా? మూడోది పోయినప్పుడు మీ నాయనతో ఒకసారి అన్యా. ఈ గది నా బిడ్డల్ని తింటాండాది అని. ఈ గదే నీకు అన్నం పెడతాండాది అన్యాడు. దానికి బదులేముంటాది? నోరు మూసుకొన్యా. ఇంక తెరవల్యా."

ఆమె ఇప్పుడు కోడలి వైపు తిరిగింది. ఈ ఇంటికి వచ్చిన ఆరేండ్లలో అత్త మొహం అట్లా చూడలేదు నాగవేణి.

"ఎండకు తట్టుకోలేకుంటావని, సల్లగుంటాది గదా అని నిన్ను ఆడ కూసోబెట్టింది నేనే. నాకు గుర్తు రాలేదా అంటే, వచ్చినాది. నాది నా తలరాత, దీనికేమౌతాదిలే అనుకొన్యా. మొదటిది పోయినాక గూడ అట్లే అనుకొన్యా. రెండోది పోయినాక ఇంక అనుకోడానికి ఏమీ మిగల్లేదు." "నీ బిడ్డల్ని నేనే సంపినానే నాగవేణీ. గోడ ముట్టగూడదు, మేకు కొట్టగూడదు అని ఏమేమో సెప్తి. అసలు మాట సెప్పడానికి నోరు రాలేదు నాకు."

నాగవేణికి కోపం రావాలి. వచ్చింది కూడా. అత్త మెడ పట్టుకొని ఊపేయాలన్నంత కోపం. కానీ దాని కంటే ముందు భయం వచ్చి నిలబడింది.

"ఈసారి మాత్రం ఆ తప్పు చెయ్యలేదు," అంది తిప్పమ్మ కండ్లు తుడుచుకుంటూ. "మీ మామ పోతానే తాళమేసినా. నువ్వు నెల తప్పినప్పటి నుంచి చెవి మొల నుంచి తియ్యలేదు, పండుకున్నా తియ్యలేదు. ఈ బిడ్డకు ఆ గాలి సోకలేదు. అదొక్కటే నా ధైర్యం."

తిరుపాల్ ఊపిరి పీల్చుకున్నాడు. తల్లి పక్కన కూలబడి భుజం మీద చెయ్యి వేసినాడు. "పోనీలే మా. ఆ గది వద్దు. ముందర గదిలో ఏసుకుందాం ఉయ్యాల. ఇంక భయం లేదులే."

భయం లేదంట. నాగవేణి కండ్లు మూసుకుంది.

*

లోపల నబీ సాబు కిటికీ కింది మూలలో గోనెపట్టలు జరుపుతున్నాడు. పాత రాట్నం పక్కకు లాగిన చప్పుడయింది. తర్వాత చప్పుడు ఆగిపోయింది.

"ఈడ ఎవురో కూసుంటాండారే," అన్నాడు తువ్వాలు చాటు నుంచి.

"ఎవురుంటారు సాబూ? ఏడాదిన్నర తాళమేసిన గది," అంది తిప్పమ్మ.

"లేదు చెల్లెలా. ప్రైమరు పుయ్యని ఈ పక్క గోడంతా ఎర్ర పొడి రాలుతాండాది. ఈడ మాత్రం మనిషి వీపంత మేర నున్నగా అరిగినాది. కింద గోనెపట్ట నాలుగు మడతలేసి పరిచింటారు. పెరటి తలుపు గడియ గూడ తుప్పు పట్టలేదు. కిటికీలో చెయ్యి పెట్టి తీస్తాండారు ఎవురో." కొంచెం ఆగి అన్నాడు. "గోడ మీద పసుపు రాసి సూసినారు. వంటింటి పసుపు. సున్నానికి ఎర్రబడిపోయినాది."

తిరుపాల్ ముందు తల్లిని చూసినాడు. తల్లి కోడలిని చూస్తోంది.

పసుపూ సున్నమూ కలిస్తే ఎర్రబడుతుందని తెలియని ఆడది లేదు. నాగవేణికీ తెలుసు. ఆ రోజు తెలియనట్టే రాసింది. ఒక్క రోజన్నా పచ్చగా ఉంటుందేమోనని చూసింది. చూస్తుండగానే ఎర్రబడింది.

"నేనే," అంది.

తిరుపాల్ కూడా ఆమె వైపు తిరిగినాడు.

"నాలుగో నెల నుంచి. నువ్వు మధ్యాన్నం కునుకు తీసేటప్పుడు, ఈయన డ్యూటీకి పోయినప్పుడు. రోజూ ఒక గంట."

"ఎందుకే?" తిప్పమ్మ గొంతు వినపడీ వినపడనట్టుంది. "ఎందుకు పోతివే ఆడికి?"

"ఇంట్లో బిడ్డ మాట ఎత్తగూడదంటివి. పేరు అనుకోగూడదంటివి. పొట్ట నిమురుకున్నా చెయ్యి తీసేస్తివి. దిష్టి అంటివి, యముడంటివి. మరి నేను యాడ మాట్లాడల్ల అత్తా నా బిడ్డతో? ఎవురూ రాని చోటు అదొక్కటే ఉండె. ఆడ కూసోని, నీకు గది ఇట్లుంటాదిరా, ఉయ్యాల ఈడ ఏస్తామురా అని సెప్పుకుంటుంటి. తాళం ఎందుకో నాకొక్క మాట సెప్పింటే సచ్చినా పోకపోదును."

తిప్పమ్మ గడప పట్టుకొని లేచింది. రెండుసార్లు తడబడింది. తిరుపాల్ పట్టుకోబోతే వాడి చెయ్యి తోసేసింది. కోడలి దగ్గరకొచ్చి, వెనక్కి తిప్పి, తన కొంగుతో ఆమె వీపు తుడవడం మొదలుపెట్టింది. జాకెట్టు మీద ఏమీ లేదు, ఉతికిన చీర, ఉతికిన జాకెట్టు. అయినా తుడుస్తూనే ఉంది. మెడ తుడిచింది, చేతులు తుడిచింది, గోళ్ళ సందులు చూసింది.

"పసుప్పచ్చనా?" అంది.

"ఏందత్తా?"

"గోడకు. పసుప్పచ్చ గావల్లనుకుంటివా?"

ఎనిమిది నెలల్లో ఆ బిడ్డ గురించి అత్త అడిగిన మొదటి మాట అది. నాగవేణి తల ఊపింది. అంతసేపూ బిగబట్టుకున్నది ఇంక నిలవలేదు.

"పొద్దుట్నుంచి కదల్లేదత్తా."

"ఏమంటివి?"

"రాత్రి తొమ్మిది లెక్కబెట్టినా. ఆ తర్వాత ల్యా. పొద్దున లేచినప్పటి నుంచి ఒక్కటి గూడ ల్యా. భయపడి సెప్పలేదు."

తిరుపాల్ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తినాడు. ఆటో అని అరుస్తున్న వాడి గొంతు సందు మలుపు దాకా వినపడింది. నబీ సాబు ముక్కుకు కట్టుకున్న తువ్వాలు విప్పి, చాప మీద ఒక పక్కగా నిలబడి, పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటున్నాడు.

తిప్పమ్మ కోడలిని చాప మీద కూర్చోబెట్టి ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. ఇన్ని నెలలుగా చూపు కూడా ఆనించని ఆ పొట్ట మీద రెండు చేతులూ పెట్టింది. వంగి, నోరు దగ్గర పెట్టి, వీధిలో పోయేవాళ్ళకు కూడా వినపడేటట్టు పిలిచింది.

"అప్పా. ఓ నాయనా. అమ్మవైతే అమ్మవు, నాయనవైతే నాయనవు. నేను మీ అవ్వను. తిప్పా వద్దు, తవుడూ వద్దు. నువ్వు మాకు గావల్లప్పా, మా ఇంటిల్లిపాదికీ గావల్ల. మీయమ్మ ముందర గదికి పసుప్పచ్చ కొట్టిస్తాదంట నీకు. వింటాండావా? ఒక్కసారి కదులు."

వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. తిప్పమ్మ చేతులు తియ్యలేదు.